"మీ ఊళ్లో చూడ్డానికి ఏముంది, గోదావరి తప్ప?" అన్నాడు మా తోడల్లుడు. రాజమండ్రి వాళ్లు కాస్త సాయం చేయండి

ఇన్నీసుపేట_బాబి
వచ్చే శనివారం తెల్లవారుజామున మా తోడల్లుడి కుటుంబం దిగుతోంది. మైసూరులో ఉంటారు. వాళ్లిద్దరు, పిల్లలిద్దరు (పదమూడేళ్ల వాడు, తొమ్మిదేళ్ల పిల్ల), వాళ్లతో మా అత్తగారు. ఆదివారం సాయంత్రం మళ్లీ శేషాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కేస్తారు. కిందటేడాది మేం వెళ్తే ప్యాలెస్, జూ, చాముండి కొండ, బృందావనం అంటూ మూడు రోజులు ఊపిరి తిప్పుకోనివ్వలేదు. రాత్రి ప్యాలెస్ దీపాలు వెలిగినప్పుడైతే అవన్నీ తనే వెలిగించినట్టు నావైపు చూశాడు.

నిన్న ఫోన్‌లో అడిగాడు, "మీ ఊళ్లో చూడ్డానికి ఏముంది, గోదావరి తప్ప?" అని. నాకు ఒళ్లు మండింది. ముప్పై ఎనిమిదేళ్లుగా ఈ ఊళ్లోనే ఉన్నవాణ్ని, ఠకఠకా ఓ పది చెప్పేద్దామని నోరు తెరిచాను. పుష్కరఘాట్, ఇస్కాన్ గుడి... మూడోది రాలేదు. మా ఆవిడ పక్కనుంచి "తాడితోట" అంది. అది చీరల సంగతి.

రెండు రోజులు. అత్తగారికి మోకాళ్ల నొప్పులు. పిల్లలు ఫోన్ వదలరు. చెప్పండి. పాపికొండలు అని మాత్రం అనకండి, అది మా ఊరు కాదు.

కోటగుమ్మం88
రోజ్ మిల్క్. ఇంక థ్రెడ్ మూసేయండి.

కొవ్వూరోడు
పాపికొండలు మీ ఊరు కాదా? మరి బస్టాండ్ నుంచి గట్టు దాకా ప్రతి గోడ మీదా ఆ బోర్డులే ఉంటాయి కదండీ!

ఇన్నీసుపేట_బాబి
అందుకే వద్దంటున్నా. పొద్దున్నే బయల్దేరి రాత్రికి తిరిగొచ్చే యాత్ర అది. రెండు రోజుల్లో ఒకటి దానికే పోతే ఇంక ఊరేం చూపిస్తాను? పైగా 2019లో కచ్చులూరు దగ్గర పడవ మునిగినప్పటి నుంచి మా అత్తగారు పడవ పేరెత్తితే దణ్ణం పెట్టేస్తారు.

డాలస్_దానవాయిపేట
"ప్యాలెస్ తప్ప మీ మైసూరులో ఏముంది" అని అడగాల్సింది నువ్వు. అక్కడే ఓడిపోయావు.

విశాఖ_వాసు
మాకైతే ఇలాంటి బాధ లేదు. బీచ్‌లో దింపేసి, సబ్‌మెరైన్ ఎక్కించి, ముంత మసాలా కొనిపెడితే చుట్టాలు గప్‌చుప్.

కొవ్వూరోడు
@విశాఖ_వాసు మీ నీళ్లు గుక్కెడు తాగి చూపించండి, అప్పుడు మాట్లాడదాం.

రైల్వే_మావయ్య
బాబీ, నేను రైల్వేలో చేసి రిటైరైన వాణ్ని. కాబట్టి నా పక్షపాతం నీకు ముందే తెలుస్తుంది. మీ తోడల్లుడు రైలు దిగకముందే సగం ఊరు చూపించేయొచ్చు. కొవ్వూరు రాగానే అందర్నీ లేపి కిటికీల దగ్గర కూర్చోబెట్టమను.

1974 నాటి రోడ్డు-రైలు వంతెన మీదుగా వస్తే ఇనుప దూలాల మధ్యనుంచి నది ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది. ఆ చప్పుడికి ఎంత నిద్రలో ఉన్నవాడైనా లేచి కూర్చుంటాడు. ఆర్చి వంతెన మీదుగా వస్తే చప్పుడు తక్కువ. కాంక్రీటు కమాన్లు ఒకదాని వెనక ఒకటి వెళ్తుంటాయి. మొత్తం 28 ఖానాలు (స్తంభానికీ స్తంభానికీ మధ్య భాగాలు), ఒక్కోటి 97.55 మీటర్లు. మా పిల్లలు చిన్నప్పుడు రైల్లోంచి లెక్కపెట్టేవాళ్లు. ఇరవై ఆరో, ఇరవై తొమ్మిదో వచ్చేవి తప్ప ఒక్కసారీ ఇరవై ఎనిమిది రాలేదు. నీ తోడల్లుడి పిల్లలకి ఆ పందెం పెట్టు, ఫోన్ అదే పక్కనపెడతారు.

దాని పక్కనే రైళ్లు తిరగని పాతది ఉంటుంది చూడు, అది హేవలాక్ వంతెన. 1900లో మొదలైంది. అప్పటి మద్రాసు గవర్నరు పేరు పెట్టారు. మద్రాసు నుంచి హౌరా వెళ్లే బళ్లు 1997 దాకా దాని మీద నడిచాయి. 56 ఖానాలు, కింద రాతి స్తంభాలు. నా సర్వీసులో మొదటి సగం దాని మీద తిరిగిందే. పక్కన ఆర్చి వంతెన వచ్చాక దానికి సెలవిచ్చారు. అప్పటికి నాకింకా సర్వీసు మిగిలుంది, దానికి అయిపోయింది.

లాలాచెరువు_లక్ష్మి
మావయ్యగారూ, చివరి మాటకి కళ్లు చెమర్చాయండి. కానీ తెల్లవారుజామున చీకట్లో కమాన్లు లెక్కపెట్టడం ఎలా కుదురుతుంది? జనవరి ఇది.

రైల్వే_మావయ్య
శేషాద్రి కాస్త ఆలస్యంగా రావాలని కోరుకోవాలమ్మా. మా డిపార్టుమెంటు ఆ కోరిక తరచూ తీరుస్తూ ఉంటుంది.

ఆర్యాపురం_అబ్బాయి
హేవలాక్ మీదికి ఎక్కనిస్తారా ఇప్పుడు?

రైల్వే_మావయ్య
నడిచే దారి చేస్తామని ఏళ్ల తరబడి విన్నాం. 2025 జూన్‌లో అఖండ గోదావరి అనే పర్యాటక పథకానికి శంకుస్థాపన అయింది, అందులో ఈ వంతెన కూడా ఉంది. 2027 పుష్కరాల లోపల దాని మీద నడిచి వెళ్లి మధ్యలో ఓ టీ తాగాలని నాకుంది. ఇప్పటికైతే గట్టు మీదనుంచి చూడ్డమే.

జాంపేట_జానకి
బాబీ గారూ, శనివారం పొద్దున్నే సూర్యోదయానికి పుష్కరఘాట్‌కి తీసుకెళ్లండి. ఎర్రటి సూర్యుడు గోదావరిలోంచి పైకి వస్తుంటే ఆ అందమే వేరు.

కొవ్వూరోడు
జానకి గారూ, మీరు ఏ ఊళ్లో ఉంటారండీ? మీ రేవులన్నీ పడమర చూస్తాయి. నదిలోంచి సూర్యుడు రావాలంటే మా ఒడ్డుకి రావాలి. గోష్పాద రేవులో నిలబడితే మీ ఊరి మేడల వెనకనుంచి వస్తాడు. మీకు దక్కేది అస్తమయం మాత్రమే.

జాంపేట_జానకి
అవును కదా! నేను ఫొటో చూసి చెప్పాను. ఆ ఫొటో మీ ఊళ్లో తీసుంటారు. ఇరవై ఏళ్లయింది నేను రేవుకి పొద్దున్నే వెళ్లి.

ఇన్నీసుపేట_బాబి
నేనొక్కణ్నే అనుకున్నాను. కొంచెం ధైర్యంగా ఉంది.

కోటగుమ్మం88
రోజ్ మిల్క్ ఇంకా ఎవరూ ఖండించలేదు, గమనించగలరు.

డాలస్_దానవాయిపేట
నేను ఖండిస్తున్నాను. అది చిన్నప్పుడు బావుండేది. కిందటిసారి వచ్చినప్పుడు క్యూలో నిలబడి తాగాను, తీపి తప్ప ఏం తెలియలేదు.

కోటగుమ్మం88
అమెరికాలో ఐస్‌క్రీం తినీ తినీ నాలుక మొద్దుబారింది అన్నయ్యా. పాలు అవే, గులాబి రంగు అదే, ఆ సందూ అదే. నువ్వు మారావు.

ఆర్యాపురం_అబ్బాయి
రెండూ నిజమే. ఎండాకాలం మధ్యాహ్నం, మెయిన్ రోడ్డులో చెమటలు కక్కుతూ తిరిగొచ్చి తాగాలి అది. జనవరిలో స్వెట్టరేసుకుని తాగితే ఏం తెలుస్తుంది?

బొమ్మలపిచ్చి
ఇంతసేపటికీ చిత్రకారుడు దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ పేరు ఒక్కరూ ఎత్తలేదు. సిగ్గుచేటు అనాలనుంది కానీ, నేను కూడా ఇరవై రెండేళ్లు వచ్చేదాకా లోపలికి వెళ్లలేదు. రోజూ కాలేజీకి ఆ దారినే సైకిల్ మీద వెళ్లేదాన్ని. ఏదో ప్రభుత్వాఫీసు అనుకునేదాన్ని.

ఆయన 1897లో పుట్టి 1925లో మశూచి వచ్చి పోయారు. ఇరవై ఎనిమిదేళ్లు కూడా నిండలేదు. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపల్‌గా ఉన్న కూల్డ్రే దొర ఈ కుర్రాడి చేయి చూసి గుర్తుపట్టారు. తర్వాత బొంబాయి జె.జె. స్కూల్లో చదువుకుని మళ్లీ మన ఊరే వచ్చి పిల్లలకి బొమ్మలు నేర్పడం మొదలుపెట్టారు. ఆ కాలంలో అంత చదువుకున్నవాడు బొంబాయిలోనో కలకత్తాలోనో ఉండిపోకుండా రాజమండ్రి రావడం గురించి నేను చాలాసార్లు ఆలోచించాను.

మొదటిసారి వెళ్లినప్పుడు ఒక నీటిరంగు బొమ్మ ముందు చాలాసేపు నిలబడిపోయాను. అందులో ఆడవాళ్లు చీర కట్టిన తీరు, నడుం దగ్గర చెంగు దోపిన తీరు మా నాయనమ్మదే. ముఖాలు కూడా మన పక్క వీధి ముఖాలు. బొమ్మ దగ్గరికెళ్లి చూస్తే పెదవి అంచున ఒక్క సన్నటి గీత, అంతే. ఆ గీతతోనే ఆవిడ నవ్వబోతోందని తెలుస్తుంది. ఆయన చెల్లెలు బుచ్చికృష్ణమ్మ గారు కూడా బొమ్మలు వేశారు, అవీ చూడండి.

అరగంట చాలు. మెట్లెక్కే పని పెద్దగా లేదు, అత్తగారికి ఇబ్బంది ఉండదు. ముందు ఏ రోజు సెలవో కనుక్కుని వెళ్లండి.

లాలాచెరువు_లక్ష్మి
పదమూడేళ్ల కుర్రాణ్ని బొమ్మల దగ్గరికి తీసుకెళ్తే వాడు బయట మెట్ల మీద కూర్చుని గేమ్ ఆడుకుంటాడు తల్లీ.

బొమ్మలపిచ్చి
కూర్చోనివ్వండి. పెద్దవాళ్లు చూస్తారు.

కడియం_పూలబండి
పిల్లలకైతే మా కడియం తీసుకురండి. జనవరిలో చూడాలి. కడియపులంక, వీరవరం, బుర్రిలంక, ఎటు చూసినా నర్సరీలే. బంతి, చేమంతి బారులు తీరి ఉంటాయి. మొక్కల్ని ఏనుగులాగా, నెమలిలాగా కత్తిరించి నిలబెడతారు. టిక్కెట్టు లేదు. కాకపోతే మీ అత్తగారు ఖాళీ చేతులతో బయటికి రారు, డిక్కీ ఖాళీగా ఉంచుకోండి.

ఇన్నీసుపేట_బాబి
వాళ్లు రైల్లో వెళ్లాలండీ బాబూ. మొక్కలు పట్టుకుని శేషాద్రిలోనా?

కడియం_పూలబండి
ఏం పరవాలేదు. మా ఊరి మొక్కలు దేశమంతా లారీల్లో వెళ్తున్నాయి, రైల్లో వెళ్లలేవా?

ధవళేశ్వరం_మెట్లు
నా ఓటు కాటన్ దొరకి. 1847లో మొదలుపెట్టి 1852కి ఆనకట్ట పూర్తిచేశాడు. అప్పటిదాకా గోదావరి పొంగితే మునక, లేకపోతే కరువు. ఇప్పుడున్నది దాని తర్వాత కట్టిన బ్యారేజీ. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం, ఈ నాలుగు ముక్కలూ కలిపి 175 గేట్లు. మధ్యలో లంకలు. కారులో ఈ చివరనుంచి ఆ చివరికి నెమ్మదిగా వెళ్లిరండి, అత్తగారు కాలు కింద పెట్టక్కర్లేదు. ఒడ్డున కాటన్ మ్యూజియం ఉంది, ఆ కాలపు యంత్రాలు బయటే ఉంటాయి, పిల్లలు చేత్తో ముట్టుకుని చూడొచ్చు.

మా తాతగారు సంధ్యావందనం చేసి చివర్లో కాటన్ పేరు కూడా తలుచుకునేవారు. దొర పేరు సంస్కృతంలో వినడం చిన్నప్పుడు నాకు మహా తమాషాగా ఉండేది.

కొవ్వూరోడు
విజ్జేశ్వరం మా వైపు. గమనించగలరు.

ఆర్యాపురం_అబ్బాయి
కొవ్వూరాయన ఈ థ్రెడ్‌లో సగం ఊరు ఎత్తుకుపోయేట్టున్నాడు.

ధవళేశ్వరం_మెట్లు
అసలు చూడాల్సింది వరద. అది మీ తోడల్లుడికి జనవరిలో దొరకదు. మొదటి హెచ్చరిక 11.75 అడుగులు, రెండోది 13.75, మూడోది 17.75. ఈ మూడు అంకెలూ మా ఇంట్లో ఎక్కాలకంటే ముందు నేర్పారు. రెండో హెచ్చరిక ఇచ్చారంటే ఊరంతా బళ్లేసుకుని గట్టు మీదికొచ్చేస్తుంది, ఎక్కడలేని మొక్కజొన్నపొత్తుల బళ్లూ వచ్చేస్తాయి. నీళ్లు కాఫీ రంగులో ఉంటాయి. చెట్లకి చెట్లు కొట్టుకొస్తాయి. ఒకసారి గడ్డిమేటు మీద కోడి కూర్చుని వెళ్లడం నేను చూశాను. 1986లో 24.55 అడుగులు వచ్చింది. మా అమ్మ ఇప్పటికీ ఏ సంగతి చెప్పినా "వరదొచ్చిన ఏడాది" అనే మొదలుపెడుతుంది.

లంకల్లో వాళ్లకి అది తమాషా కాదని తెలుసు. మా మేనత్తది లంక ఊరే. మేం గట్టు మీద పొత్తులు తింటున్నప్పుడు ఆవిడ గేదెల్ని విప్పుకుని ఎత్తుకి తోలుకెళ్తూ ఉండేది.

విశాఖ_వాసు
పులస తినిపించరా చుట్టాలకి? అదే కదా మీ గొప్ప.

ధవళేశ్వరం_మెట్లు
జనవరిలో పులస పెడతానన్నవాడు ఎవడైనా ఉంటే వాడి దగ్గర కాఫీ కూడా తాగకండి. ఎర్రనీరు వచ్చాకే అది ఎదురెక్కుతుంది.

కోటలింగం_కుర్రోడు
కోటిలింగాల రేవు దగ్గర కైలాసభూమి చూపించండి. శివుడు, హిమాలయం, నీట్‌గా ఉంటుంది.

ఇన్నీసుపేట_బాబి
చుట్టాల్ని శ్మశానం చూడ్డానికి తీసుకెళ్లమంటావా? మా ఆవిడ ఇది చదివి నన్ను అక్కడే వదిలేసి వస్తానంటోంది.

కోటలింగం_కుర్రోడు
తప్పేముంది? బయటి ఊళ్లవాళ్లు వచ్చి ఫొటోలు కూడా దిగుతారు అక్కడ.

డాలస్_దానవాయిపేట
నాన్నని అక్కడినుంచే పంపాను, మూడేళ్లయింది. ఆ రోజు ఏమీ కనపడలేదు. తర్వాత నెల రోజులు ఊళ్లో ఉన్నాను, రోజూ సాయంత్రం వెళ్లి ఆ పక్క మెట్ల మీద కూర్చునేవాణ్ని. చూడదగ్గ ప్రదేశం అని నేను అనలేను కానీ, ఊళ్లో నాకు బాగా తెలిసిన చోటు ఇప్పుడు అదే.

కోటలింగం_కుర్రోడు
సారీ అన్నా. అలా అనుకోలేదు.

డాలస్_దానవాయిపేట
అయ్యో, ఏం లేదు. చెప్పాలనిపించింది. రోజ్ మిల్క్ మీద మాత్రం నా మాట మార్చుకోను.

జాంపేట_జానకి
వీరేశలింగం పంతులు గారి ఇల్లు మర్చిపోతున్నారు. 1881 డిసెంబరులో తెలుగునాట మొట్టమొదటి వితంతు వివాహం ఆయన జరిపించింది ఈ ఊళ్లోనే. ఊరంతా వెలేసినా ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారు ఆ పెళ్లికి నీళ్లు మోసి, వంట చేశారని మా టీచరు చెప్పేవారు. టౌన్‌హాలు కూడా పంతులుగారు కట్టించిందే. గౌతమీ గ్రంథాలయంలో తాళపత్రాలు ఉన్నాయి. రాళ్లబండి సుబ్బారావు మ్యూజియంలో పాత విగ్రహాలు, శాసనాలు. ఈసారి ఒడ్డు తప్పు చెప్పలేదు, చూసుకోండి.

ఆర్యాపురం_అబ్బాయి
సెంట్రల్ జైలు కూడా చారిత్రకమే. డచ్చివాళ్ల కోట అది. బస, భోజనం ఉచితం. ఈమధ్య పెద్దపెద్దవాళ్లు కూడా...

నిర్వాహకుడు
ఆ వాక్యం పూర్తిచేయకండి. రాజకీయాలకి వేరే విభాగం ఉంది.

లాలాచెరువు_లక్ష్మి
అందరూ తలో పేరూ చెప్పారు, రెండు రోజుల్లో ఎలా సర్దాలో ఎవరూ చెప్పలేదు. నేను చెప్తాను. ఏటా మా వారి తరపు వాళ్లు వస్తారు, అలవాటైపోయింది. శనివారం పొద్దున రైలు దిగి పడుకోనివ్వండి. పదింటికి పెసరట్టు ఉప్మా పెట్టి కడియం, అటునుంచి ధవళేశ్వరం. మధ్యాహ్నం ఇంటికొచ్చి పనసపొట్టు కూరో, గుత్తివంకాయో. సాయంత్రం ఐదింటికల్లా గట్టు. అస్తమయం, తర్వాత పుష్కరఘాట్‌లో హారతి. అత్తగారికి మడతకుర్చీ పట్టుకెళ్లండి, పై మెట్టు మీద వేస్తే అన్నీ కనిపిస్తాయి. ఆదివారం పొద్దున మార్కండేయస్వామి గుడి, తర్వాత బొమ్మలో మ్యూజియమో ఒక్కటే, రెండూ పెట్టొద్దు. మధ్యాహ్నం ఆడవాళ్లని తాడితోటలో వదిలేయండి. మీ ఆవిడ తెలివైనది, మొదటే చెప్పింది.

ఇన్నీసుపేట_బాబి
ఇది పట్టుకుని వెళ్తున్నాను. వచ్చాక చెప్తా.

కోటగుమ్మం88
ప్లాన్‌లో రోజ్ మిల్క్ లేదు. కుట్ర.

ఇన్నీసుపేట_బాబి
ఆదివారం రాత్రి ఎనిమిది. ఇప్పుడే ఎక్కించి వచ్చాను. కాళ్లు లాగేస్తున్నాయి కానీ చెప్పకుండా పడుకోలేను.

శేషాద్రి గంటన్నర ఆలస్యం. మావయ్యగారి నోటి చలవ. పిల్లలు కమాన్లు లెక్కపెట్టారు. వాడికి ఇరవై ఏడు, దానికి ముప్పై ఒకటి. ప్లాట్‌ఫారం మీద దిగుతూనే కొట్టుకుంటున్నారు.

కడియంలో అనుకున్నదే అయింది. అత్తగారు రెండు నందివర్ధనాలు, ఒక నిమ్మ. ధవళేశ్వరంలో మా తోడల్లుడు గేట్లు లెక్కపెట్టడం మొదలుపెట్టి నలభై దగ్గర వదిలేశాడు. ఆయనది కూడా ఇంజినీరింగే, "ఇదంతా 1852లోనా" అని రెండుసార్లు అడిగాడు. పాత ఆనకట్ట వేరు, ఇప్పటి బ్యారేజీ వేరు అని చెప్పి, ఆ పరిజ్ఞానం నాదే అన్నట్టు నిలబడ్డాను. థాంక్స్ మెట్లు గారూ.

ఇక శనివారం సాయంత్రం. హారతికి ఇంకా టైముందని రేవులో కూర్చున్నాం. అక్కడ నలుగురు కుర్రాళ్లు నీళ్లలోకి తాళ్లు విసురుతున్నారు. పొడుగాటి నైలాన్ తాడు, చివర పాత స్పీకర్‌లోంచి పీకిన గుండ్రటి అయస్కాంతం. విసరడం, అడుగున ఈడ్చుకుంటూ లాక్కోవడం, అంటుకొచ్చిన బురదా మేకులూ దులుపుకోవడం, మళ్లీ విసరడం. అప్పుడప్పుడూ ఓ రూపాయి వస్తుంది. నా చిన్నప్పటినుంచీ చూస్తున్నదే, ఇదొక చూసే సంగతని నాకెప్పుడూ తోచలేదు. మా తోడల్లుడి కొడుకు ఫోన్ జేబులో పెట్టి వాళ్ల పక్కన చేరాడు. వీడికి తెలుగు అంతంత మాత్రం, వాళ్లకి కన్నడం రాదు. పావుగంటలో తాడు వీడి చేతిలో ఉంది. హారతి మొదలై, అయిపోయి, జనం వెళ్లిపోయినా వాడు కదల్లేదు. చివరికి తుప్పు పట్టిన పావలా ఒకటి వచ్చింది. వాళ్లలో చిన్నోడు అది వీడికే ఇచ్చేశాడు. పది రూపాయలిస్తే తీసుకోలేదు.

బాగాలేనిది కూడా చెప్పాలి కదా. ఆదివారం ఒకచోటికి వెళ్తే తాళం. ఎక్కడో చెప్పను, ముందే కనుక్కోమన్నా కనుక్కోకపోవడం నా తప్పు. ఒక ఆటో అతను నేను ఈ ఊరివాణ్నని తెలిసి కూడా డబుల్ అడిగాడు. మా తోడల్లుడు అది చూసి మహా సంతోషించాడు.

బొమ్మలపిచ్చి
తాళం ఎక్కడో చెప్పకపోయినా నాకు అర్థమైంది. ఈసారి శనివారం వెళ్లండి.

ఇన్నీసుపేట_బాబి
ఈసారి మా ఆవిడా నేనూ వెళ్తాం. చుట్టాలు రానక్కర్లేదు.

రైల్వే_మావయ్య
తుప్పు పట్టిన పావలా దొరికిందంటే అది స్టీలుది. పాత రాగి-నికెల్ పావలాలు, రాగివి, ఇప్పటి పసుపు రంగు ఐదు రూపాయలు అయస్కాంతానికి అంటవు. అవన్నీ అడుగునే ఉండిపోతాయి. ఆ కుర్రాళ్లకి ఈ లెక్కలు నాకంటే బాగా తెలుసు.

డాలస్_దానవాయిపేట
మీ తోడల్లుడు రోజ్ మిల్క్ తాగాడా, లేదా? ఫలితం ప్రకటించండి.

ఇన్నీసుపేట_బాబి
తాగాడు. "బావుంది, కానీ తీపెక్కువ" అన్నాడు. రెండో గ్లాసు కూడా తాగాడు.

కోటగుమ్మం88
రెండో గ్లాసు అంటే ఎవరు గెలిచినట్టో పెద్దలు ఆలోచించాలి.

లాలాచెరువు_లక్ష్మి
అసలు సంగతి చెప్పండి. "ఏముంది" అన్న మనిషి వెళ్లేటప్పుడు ఏమన్నాడు?

ఇన్నీసుపేట_బాబి
ఆయనేం అనలేదు, అనే రకం కాదు. అరగంట క్రితం మా అత్తగారి దగ్గర్నుంచి ఫోన్. వంతెన మీద గోదావరిలో వేద్దామని రూపాయి చేతిలో పట్టుకుని కూర్చున్నారట. తీరా చూస్తే ఏసీ పెట్టె, కిటికీ తెరుచుకోదు. మనవడేమో "ఆ అన్నవాళ్లకి దొరుకుతుంది, వెయ్యాల్సిందే" అని ఒకటే గొడవ. తలుపు దగ్గరికి వెళ్తానంటే వాళ్ల నాన్న వెళ్లనివ్వలేదు. రూపాయి ఆవిడ కొంగుకే ముడేసి ఉంది. అది వేయడానికైనా మళ్లీ రావాలంటున్నారు.

రైల్వే_మావయ్య
ఈసారి స్లీపర్‌లో బుక్ చేయమను.